వెనక్కి నడిపి పెట్టేవారికే పూర్తిగా పనికొచ్చే రివర్స్ కెమెరా

పాత కారుకు విడిగా బిగించుకునే రివర్స్ కెమెరా, నాలుగు సెన్సర్లు కలిసిన కిట్‌ను నేను ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. ఇది మంచి వస్తువే, కానీ దాని పూర్తి ప్రయోజనం కారును పార్కింగ్ గడిలోకి వెనక్కి నడిపి పెట్టేవారికే దక్కుతుంది. నేరుగా దూరిపోయి, తరువాత వెనక్కి తీసుకునేవారికి ఇది చేసే సాయం అందులో సగమే. ఈ తేడా ఎందుకు వస్తుందో చెప్పకుండా కెమెరా గురించి మాత్రమే చెబితే సమీక్ష సగంలో ఆగిపోయినట్లే.

కారును ఎలా పెట్టినా ఒకసారి వెనక్కి నడపక తప్పదు; ఆ పని వచ్చినప్పుడు చేయాలా, వెళ్లేటప్పుడు చేయాలా అన్నదే మన చేతిలో ఉంటుంది. వచ్చినప్పుడు చేస్తే, ఆ గడి ముందు నుంచి క్షణం క్రితమే దాటి వచ్చాం కాబట్టి అది ఖాళీగా ఉందని, లోపల స్తంభం గాని, పిల్లవాడు గాని లేడని మన కళ్లతో చూసే ఉంటాం. వెళ్లేటప్పుడు చేస్తే, గంటల తరబడి మనం చూడని చోట నుంచి, మనుషులూ వాహనాలూ తిరిగే దారిలోకి, తల తిప్పి, సీట్ల తలదిండ్ల సందుల్లోంచి చూస్తూ వెనక్కి రావాలి. మారకుండా నిలిచి ఉన్న ఖాళీలోకి వెనక్కి వెళ్లడం కంటే కదులుతున్న దారిలోకి వెనక్కి వెళ్లడం ఎప్పుడూ ఎక్కువ ప్రమాదకరం. భారీ యంత్రాలతో పని జరిగే చాలా కర్మాగారాల్లో వాహనాలను బయటికి ముఖం పెట్టి నిలపాలనే నియమం ఉండటానికి ఇదీ ఒక కారణమే. పైగా అక్కడ అత్యవసర సమయంలో అందరూ ఒకేసారి ముందుకు కదిలి బయటపడగలగాలి.

రెండో కారణం చక్రాలలో ఉంది. దాదాపు అన్ని కార్లలో స్టీరింగ్ తిప్పితే తిరిగేవి ముందు చక్రాలు మాత్రమే. ముందుకు వెళ్తూ మలుపు తిప్పినప్పుడు వెనుక చక్రాలు లోపలి వైపుగా కోసుకుంటూ వస్తాయి, అందుకే ఇరుకు గడిలోకి నేరుగా దూరబోతే కారు పక్క భాగం పొరుగు బండి మూలకు చేరువవుతుంది. వెనక్కి వెళ్లినప్పుడు తిరగని చక్రాలు మొదట గడిలోకి చేరతాయి. తిరిగే చక్రాలున్న ముందు భాగం విశాలమైన దారిలో ఊగుతూ వాటిని అనుసరిస్తుంది. గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ అంత చిన్న చోట తిరగగలగడానికి ఒక కారణం దాని స్టీరింగ్ వెనుక చక్రాలకు ఉండటం. వెనక్కి నడిచే కారు దాదాపు అలాంటి బండిగా మారుతుంది.

ఇప్పుడు కిట్ విషయానికి వస్తాను. బిగింపులో ముఖ్యమైన పని రివర్స్ లైటు నుంచి 12 వోల్టుల తీగను తీసుకోవడం. గేరు రివర్స్‌లో పడగానే కెమెరా దానంతటదే వెలుగుతుంది. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నింటికీ వర్తిస్తున్న నియమం ప్రకారం, రివర్స్ మొదలైన 2 సెకన్లలోపు బొమ్మ తెరపైకి రావాలి, వెనుక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల ప్రాంతం కనిపించాలి. నా కిట్ పగటిపూట ఈ కొలతను తేలికగానే అందుకుంటుంది. బొమ్మను అద్దంలోలా తిప్పి చూపే ఏర్పాటు ఇందులో ఉంది. అది లేకపోతే కుడి ఎడమలు తారుమారై మెదడు తడబడుతుంది కనుక, బిగించిన వెంటనే దానిని సరిచూసుకోవాలి.

లోపాలు కూడా ఉన్నాయి. తెరపై కనిపించే రంగు గీతలు కదలవు, అంటే స్టీరింగ్ ఎటు తిప్పినా అవి నేరుగానే చూపుతాయి. కాబట్టి కారు గడికి నేరుగా వచ్చాక దూరం అంచనాకు తప్ప మలుపులో వాటిని నమ్మకూడదు. వర్షంలో కటకం మీద ఒక్క చుక్క నిలిచినా వెనుక ఉన్నదంతా కరిగిపోతుంది, అందుకే తలుపు పక్కన ఒక మెత్తని గుడ్డ ఉంచుకుంటున్నాను. సెన్సర్లు మనకు వినిపించని ధ్వనిని పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో దూరం కొలుస్తాయి. గోడకు అవి చక్కగా స్పందిస్తాయి కాని సన్నని ఇనుప కడ్డీని, నేలకు దగ్గరగా ఉండే గట్టును వదిలేస్తాయి. రెండో నెలలో అలాంటి ఒక కడ్డీ నా బంపరు మీద పొడవాటి గీత గీసింది. అది కెమెరాలో కనిపిస్తూనే ఉన్నా, నేను సెన్సర్లు ఇచ్చే హెచ్చరిక శబ్దాన్నే నమ్మి తెరను చూడలేదు.

వెనక్కి పెట్టేటప్పుడు కెమెరా ఎదుట ఉండేది గోడ, గీతలు, ఖాళీ నేల. అన్నీ నేరుగా వెనుక ఉంటాయి, అంటే కటకం బాగా చూడగలిగిన చోటే ఉంటాయి. అదే వెనక్కి తీసేటప్పుడు ప్రమాదం పక్కల నుంచి వస్తుంది. ఇరువైపులా ఎత్తైన బండ్లు ఉంటే అడ్డంగా వచ్చే వాహనాన్ని కెమెరా ఆలస్యంగా, అంచున వంగిపోయిన చిన్న బొమ్మగా చూపుతుంది. ముందుకు బయటపడితే ఎదుటి అద్దం నిండా అదే వాహనం కనిపిస్తుంది.

వెనక్కి పెట్టడం అన్ని చోట్లా సరైనదని నేను అనను. ఏటవాలుగా గీసిన గడులు ఎక్కువగా నేరుగా దూరడానికే చేసినవి, అలాంటి వాటిలోకి వెనక్కి వెళ్లాలంటే దారికి ఎదురు తిరగాలి. డిక్కీలో బరువైన సామాను ఎక్కించాల్సి ఉంటే, వెనుక గోడ ఉన్న గడి ఇబ్బంది పెడుతుంది. పొగ గొట్టం ఎవరి కిటికీ వైపో తిరిగి ఉంటే అక్కడ నేరుగా పెట్టడమే మర్యాద. వెనుక వాహనాలు వేచి ఉన్నప్పుడు మాత్రం కంగారు పడనక్కర్లేదు: ముందుగా ఇండికేటర్ వేసి, గడిని దాటి ఆగి, రివర్స్ లైటు వెలగనిస్తే వెనుకనున్నవారికి మన ఉద్దేశం అర్థమై చోటు వదులుతారు.

కొనదలచినవారు గీతలు స్టీరింగ్‌తో కదిలే రకాన్నే ఎంచుకోవాలి, నీరు చొరని కెమెరానే తీసుకోవాలి. బిగించిన మొదటి వారం ఖాళీ చోట, రెండు పెట్టెలను హద్దులుగా నిలిపి, తెరనూ పక్క అద్దాలనూ మార్చి మార్చి చూస్తూ సాధన చేయాలి. ఐదు నక్షత్రాలకు నేను దీనికి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటి కదలని గీతల వల్లే.