పాత వస్తువుల పార్శిల్‌కి ఏ బీమా మేలు: కొరియర్‌దా, పోస్టుదా, బయటి కంపెనీదా?

పురాతన వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లలో చాలామంది బీమా షరతులు మొదటిసారి చదివేది వస్తువు పగిలాకే. నేనూ అంతే. ఒక పాత పింగాణీ టీపాట్ అమ్మాను. బబుల్ ర్యాప్ నాలుగు చుట్లు చుట్టి, పెట్టెలో కాగితాలు కూరి, కొరియర్ ఫారంలో పూర్తి విలువ రాసి, దానికి అదనపు రుసుము కూడా కట్టాను. కొన్నావిడ పంపిన ఫొటోలో టీపాట్ కొమ్ము మొదలంటా విరిగిపోయి ఉంది. ఆ కొమ్ము చివరకీ పెట్టె గోడకీ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు. మూతనైతే విడిగా చుట్టకుండా టీపాట్ మీదే ఉంచి టేప్ వేశాను. క్లెయిమ్ పెడితే వచ్చిన జవాబు రెండే ముక్కలు: ప్యాకింగ్ సరిపోలేదు, పైగా పురాతన వస్తువులకు మా బాధ్యత పరిమితం.

మొదటిది నా తప్పే. రెండోది డబ్బు కట్టించుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు, కానీ షరతుల్లో రాసి ఉంది. అప్పటినుంచి పార్శిల్ పంపే ముందు నేను చూసేది ప్రీమియం ఎంతని కాదు. ఈ వస్తువుని ఈ విలువకి వీళ్లు ముందే ఒప్పుకున్నారా, లేదా? పాత వస్తువుల బీమాలో దారులన్నీ వేరయ్యేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే.

కొరియర్ ఫారంలో రాసే విలువ

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఫారంలో 'డిక్లేర్డ్ వాల్యూ' అనే గడి ఉంటుంది. అందులో అంకె రాసి రుసుము కడితే బీమా అయిపోయిందనుకుంటాం. అది బీమా కాదు. అమెరికా కొరియర్ సంస్థలు ఫెడెక్స్, యూపీఎస్ రెండూ తమ షరతుల్లో ఈ మాట నేరుగానే రాశాయి. మీరు రాసిన అంకె ఆ సంస్థ బాధ్యతకి గరిష్ఠ హద్దు, అంతే. నష్టం జరిగిందని, అది వాళ్ల చేతుల్లోనే జరిగిందని, వస్తువు అంత విలువ చేస్తుందని మీరు చూపించుకోవాలి. ఏమీ రాయకపోతే అమెరికాలో ఈ రెండు సంస్థల మామూలు హద్దు 100 డాలర్లు.

అసలు చిక్కు దీని తర్వాత వస్తుంది. ఫెడెక్స్ షరతుల్లో 'అసాధారణ విలువ ఉన్న వస్తువులు' అని ఒక జాబితా ఉంది. చిత్రాలు, పురాతన వస్తువులు, నగలు, సేకరణ కార్డులు, పాత గిటార్లు అందులోకే వస్తాయి. వీటికి ప్రకటించగల విలువ 1,000 డాలర్లు దాటకూడదు. అంతకంటే ఎక్కువ రాసి, ఆ ఎక్కువకి రుసుము కట్టినా హద్దు మారదు. వయసు వల్లా అరుదుదనం వల్లా విలువ వచ్చిన వస్తువేదైనా ఈ నిర్వచనంలో పడుతుంది. అంటే మనం అమ్మే దాదాపు ప్రతి వస్తువూ. ఈ షరతులు మారుతుంటాయి కాబట్టి పంపే రోజున ఉన్న పత్రమే చదవాలి.

విమానంలో దేశం దాటితే లెక్క ఇంకా సన్నగా ఉంటుంది. 1999 మాంట్రియల్ ఒప్పందం కింద విమాన సరుకుకి బాధ్యత బరువుని బట్టి ఉంటుంది. 2024 డిసెంబరు 28 నుంచి అది కిలోకి 26 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే ప్రమాణం, విలువలో డాలరు కంటే ఎక్కువ. 200 గ్రాముల నాణేల ప్యాకెట్ పోతే ఈ లెక్కన వచ్చేది 5.2 ఎస్‌డీఆర్‌లు. నాణెం ఏ రాజుదో, ఎంత అరుదైనదో దీనికి అనవసరం. ఎక్కువ కావాలంటే పంపేటప్పుడే విలువని ప్రత్యేకంగా ప్రకటించి అదనంగా కట్టాలి. యూరప్ రోడ్ల మీద దేశం దాటే లారీలకి వర్తించే సీఎంఆర్ ఒప్పందంలో ఈ అంకె కిలోకి 8.33 ఎస్‌డీఆర్‌లు మాత్రమే. బరువైన చెక్క బీరువాకి ఈ పద్ధతిలో కాస్తయినా వస్తుంది. ఒక పాత తపాలా బిళ్లకి వచ్చేది సున్నా కింద లెక్క.

కొరియర్ విలువ గడి మామూలు కొత్త సరుకుకి పనికొస్తుంది. పురాతన వస్తువుకి దాని మీదే ఆధారపడొద్దని గట్టిగా చెప్తాను.

పోస్టు, రిజిస్టర్డ్ పోస్టు

చిన్నవి, తేలికైనవి, విలువైనవి పంపేవాళ్లలో ఇప్పటికీ చాలామంది పోస్టుకే వెళ్తారు, దానికి కారణం ఉంది. 1958లో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ పేరుమోసిన హోప్ వజ్రాన్ని న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి పంపింది రిజిస్టర్డ్ పోస్టులోనే. మొత్తం ఖర్చు 145.29 డాలర్లు. అందులో తపాలా రుసుము 2.44 డాలర్లే, మిగిలిందంతా పది లక్షల డాలర్ల బీమాకి. ఆ వజ్రం చుట్టి పంపిన కాగితం ఈరోజుకీ అక్కడి తపాలా మ్యూజియంలో ఉంది.

అమెరికాలో రిజిస్టర్డ్ పోస్టు బలమంతా చేతులు మారే పద్ధతిలో ఉంది. ఒక ఉద్యోగి నుంచి ఇంకొకరికి వెళ్లిన ప్రతిసారీ సంతకం పడుతుంది. అక్కడ ఈ పద్ధతిలో 50,000 డాలర్ల వరకు బీమా దొరుకుతుంది. మొదటిసారి పంపేవాళ్లు తడబడేది మాత్రం టేప్ దగ్గర. మెరిసే ప్లాస్టిక్ టేప్ వేసి తీసుకెళ్తే తీసుకోరు. అంచులన్నీ తడిపి అంటించే కాగితపు టేప్‌తో మూయాలి. ఆ అంచుల మీద పోస్టాఫీసు ముద్ర పడాలి, ప్లాస్టిక్ మీద సిరా నిలవదు. ఎవరైనా మధ్యలో విప్పితే ముద్ర చెదిరి తెలిసిపోతుంది.

లోపాలు లేవని కాదు. నెమ్మదిగా చేరుతుంది. దేశం దాటితే బీమా హద్దు వెళ్లే దేశాన్ని బట్టి బాగా పడిపోవచ్చు. అమెరికా పోస్టులో క్లెయిమ్‌కి గడువు పంపిన రోజు నుంచి 60 రోజులు, చేరిన రోజు నుంచి కాదు. పార్శిల్ నెలంతా ఎక్కడో ఇరుక్కుపోతే సగం గడువు మన ప్రమేయం లేకుండానే కరిగిపోతుంది. పగిలితే వస్తువుని, పెట్టెని, లోపలి ప్యాకింగ్‌ని చూపించమంటారు. కొన్నవాళ్లు ఆ పెట్టెని అప్పటికే చెత్తలో పడేసి ఉంటే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. అందుకే పార్శిల్ కదిలిన రోజే కొన్నవాళ్లకి ఒక మెసేజ్ పెడతాను: "తెరిచేటప్పుడు ఫొటోలు తీయండి, ఏదైనా తేడా ఉంటే పెట్టె పారేయకండి."

నాణేలు, స్టాంపులు, చిన్న నగలు, పతకాలు: వీటికి నా ఓటు పోస్టుకే. పింగాణీకి, గాజుకి, పెద్ద ఫ్రేములకి కాదు. చేతులు ఎన్ని సంతకాలు పెట్టినా పెట్టె కింద పడితే పగిలేది పగులుతుంది.

బయటి బీమా కంపెనీ, పార్శిల్‌కి ఒక్కసారి

ఇది మోసుకెళ్లే సంస్థతో సంబంధం లేని బీమా. పార్శిల్ పంపే ముందు ఆన్‌లైన్‌లో విలువ రాసి ప్రీమియం కడతారు. పాత వస్తువులకి తగిన కవరేజీ తరచుగా దొరికేది ఇక్కడే, ప్రీమియం కూడా కొరియర్ రుసుము కంటే తక్కువ పడే సందర్భాలున్నాయి. అయితే 'ఆల్ రిస్క్స్' (అన్ని ప్రమాదాలకీ కవరేజీ) అన్న మాట చూసి ధైర్యం తెచ్చుకోకండి. సరుకు రవాణా బీమాలో ప్రపంచమంతా వాడే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజులు అనే ప్రామాణిక షరతులు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే విశాలమైన 'ఏ' రకంలో కూడా సరిపోని ప్యాకింగ్, వస్తువు సొంత స్వభావం వల్ల వచ్చిన నష్టం, ఆలస్యం వల్ల వచ్చిన నష్టం మినహాయింపులే.

ఆ 'సొంత స్వభావం' అన్న మాట పాత వస్తువులకి ప్రమాదకరం. వందేళ్ల నాటి జిగురు ఎండిపోయి కుర్చీ కాలు ఊడొచ్చింది. పాత రంగు పొరలు పొరలుగా రాలింది. ఇది దెబ్బ వల్లా, వయసు వల్లా? పంపే ముందు తీసిన దగ్గరి ఫొటోలు లేకపోతే వయసు వల్లే అంటారు.

కొనేముందు వాళ్లని మెయిల్‌లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పగలడం కవర్ అవుతుందా, లేక పోవడం మాత్రమేనా? గాజు, పింగాణీ, నాణేలు, సేకరణ కార్డులు మినహాయింపు జాబితాలో ఉన్నాయా? ఒక పెట్టెకి హద్దు ఎంత? సెట్టులో ఒకటి పగిలితే ఎంత ఇస్తారు? ఆరు కప్పుల సెట్టులో ఒకటి పోతే చాలా పాలసీలు ఆరో వంతే లెక్క కడతాయి, కానీ ఐదు కప్పుల్ని సెట్టు ధరకి కొనేవాళ్లు ఉండరు. బాగు చేయించాక తగ్గిన విలువ ఇస్తారా, లేక బాగుచేసిన ఖర్చు మాత్రమేనా? అతికించిన పింగాణీ చూడ్డానికి ఎంత బాగున్నా సేకరించేవాళ్లు పాత ధర పెట్టరు. గ్రేడింగ్ చేసిన (నాణ్యతకి మార్కులిచ్చి ప్లాస్టిక్ పెట్టెలో మూసిన) సేకరణ కార్డు విషయంలో, ఆ పెట్టె చిట్లి కార్డు బాగుంటే దాన్ని నష్టం కింద లెక్కేస్తారా? ఈ జవాబులు ఫోన్‌లో కాదు, రాతలో ఉండాలి.

ఏడాది పాలసీ, సొంత నిధి

నెలకి పదుల సంఖ్యలో పార్శిళ్లు పంపేవాళ్లకి, ఒక్కో వస్తువు విలువ బాగా ఎక్కువ ఉండేవాళ్లకి, పురాతన వస్తువుల వ్యాపారుల కోసమే ఉండే ఏడాది పాలసీ మేలు. దీనిలో పెద్ద లాభం 'ఒప్పుకున్న విలువ'. వస్తువు విలువ ముందే రాతపూర్వకంగా ఖరారైతే నష్టం జరిగాక బేరం ఉండదు. ఇంట్లో ఉన్న సరుకు, ఇతరుల తరఫున అమ్మకానికి తీసుకున్న సరుకు కూడా అందులోకి తేవచ్చు. తక్కువ విలువ రాసి ప్రీమియం మిగుల్చుకుందామనుకుంటే మాత్రం దెబ్బ తగులుతుంది. పది వేల వస్తువుకి ఐదు వేలకే బీమా ఉంటే, నిష్పత్తి షరతు ఉన్న పాలసీలో మూడు వేల నష్టానికి పదిహేను వందలే ఇస్తారు.

చవక వస్తువులకి ఏ బీమా అక్కర్లేదు. ప్రతి అమ్మకం నుంచి కొద్దిగా పక్కన పెట్టుకుంటే చాలు. ఒక పాత పోస్ట్‌కార్డు కోసం క్లెయిమ్ ఫారాలు నింపుతూ కూర్చోవడంలో అర్థం లేదు.

ఏది తీసుకున్నా తప్పని గోతులు

బీమా కొనుక్కోవాలా వద్దా అన్నది కొన్నవాళ్ల ఇష్టానికి వదిలేసే అమ్మకందార్లున్నారు. "వాళ్లు వద్దన్నారు కాబట్టి పగిలితే నాకు సంబంధం లేదు" అనుకుంటారు. పెద్ద అమ్మకపు వేదికలు అలా ఒప్పుకోవు. వస్తువు చెప్పినట్టుగా చేరకపోతే కొన్నవాళ్లకి డబ్బు ముందు వెనక్కి వెళ్తుంది, మీ క్లెయిమ్ తర్వాత ఎప్పుడో తేలుతుంది. బీమా అమ్మేవాళ్ల రక్షణ కోసమే. దాని ఖర్చుని ధరలోనే కలుపుకోండి.

ఇంకొకటి, 'డెలివర్డ్' అన్న స్కాన్. గుమ్మం ముందు పెట్టేసి వెళ్లిన పెట్టె మాయమైతే చాలా చోట్ల కవరేజీ ఆ స్కాన్‌తోనే ముగిసిపోతుంది. విలువైనదైతే సంతకం తప్పనిసరి చేయండి, పెట్టె పైన లోపల ఏముందో తెలిసేలా ఏమీ రాయకండి. చిరునామా మార్చమని మధ్యలో కబురొస్తే మార్చొద్దు. ఆర్డర్‌లో ఉన్న చిరునామాకి పంపకపోతే అమ్మకపు వేదిక ఇచ్చే రక్షణ పోతుంది.

కస్టమ్స్ కాగితంలో 'బహుమతి' అనో, తక్కువ విలువనో రాయమని బతిమాలేవాళ్లుంటారు. చట్టం సంగతి ఒకటైతే, పార్శిల్ పోయినప్పుడు మీరు సంతకం పెట్టిన ఆ అంకెనే మీకు చూపిస్తారు.

ప్యాకింగ్ గురించి నా టీపాట్ నేర్పింది ఇది. మూత వేరు, కొమ్ము వేరు, పిడి వేరు అన్నట్టు ఒక్కోదాన్ని విడిగా చుట్టాలి. అది ఒక చిన్న పెట్టెలోకి, ఆ పెట్టె ఇంకో పెద్ద పెట్టెలోకి వెళ్లాలి. రెండింటి మధ్య అన్ని వైపులా కనీసం ఐదు సెంటీమీటర్ల మెత్త ఉండాలి. మూసి ఊపితే లోపల ఏదీ కదలకూడదు. కొత్త అట్టపెట్టె అడుగున తరచుగా ఒక గుండ్రటి ముద్ర ఉంటుంది, పెట్టె ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో అందులో రాసి ఉంటుంది. ఆ ముద్రని కూడా ఫొటో తీస్తాను. ఒకసారి వాడిన పెట్టెతో పంపి క్లెయిమ్ పెడితే వాళ్ల మొదటి ప్రశ్న దాని మీదే.

ఈ మధ్య అదే తరహా టీపాట్ ఇంకొకటి అమ్మాను. పగలడం కవరవుతుందని మెయిల్‌లో రాసిచ్చిన బయటి బీమాతో, రెండు పెట్టెల్లో, పదకొండు ఫొటోలు తీసి పంపాను. చేరిందని కబురొచ్చాక ఇంకో ప్రశ్న తట్టింది: కొన్నవాళ్లు నచ్చలేదని తిప్పి పంపితే? అదే కంపెనీని అడిగాను. వెనక్కి వచ్చే ప్రయాణం ఆ పాలసీలోకి రాదట, దానికి విడిగా కట్టాలి. ఇప్పుడు నా వాపసు నియమాల్లో మొదటి వాక్యం అదే: తిప్పి పంపే ముందు నాకు చెప్పండి, ఆ పార్శిల్‌కి బీమా నేనే చేయిస్తాను.