కిలవేయా అగ్నిపర్వతం దగ్గర ఒక్కరోజే ఉంటే: అంచున నడవాలా, అడుక్కి దిగాలా?

హవాయి బిగ్ ఐలాండ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న. "వాల్కనో పార్కుకి మాకు ఒక్కరోజే కుదిరింది, ఇండియా నుంచి అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, ఏ ట్రెయిల్‌కి వెళ్ళాలి?" అడిగిన ప్రతివాళ్ళకీ వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది. అందుకే రాసి పెడుతున్నా.

టికెట్, కార్ రెంటల్ లాంటివి మీకు తెలిసినవే. ట్రెయిళ్ళ జాబితా చూస్తే చాంతాడంత ఉంటుంది కానీ, ఒక్కరోజులో తేల్చుకోవాల్సింది రెండింటి మధ్యే. ఒకటి, హలేమౌమౌ అనే పెద్ద బిలం చుట్టూ అంచు మీద సాగే క్రేటర్ రిమ్ దారి. రెండోది, పక్కనే ఉన్న కిలవేయా ఇకి అనే చిన్న బిలంలోకి దిగి, గడ్డకట్టిన లావా మీద నడిచి, అవతలి వైపు ఎక్కి వచ్చే దారి. ఇకి అంటే వాళ్ళ భాషలో చిన్నది అని అర్థం.

మేం రెండూ ఒకే మధ్యాహ్నం చూశాం, రెండు జట్లుగా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి మావారు ఆవిడకి తోడుగా అంచు మీదే ఉండిపోయారు. నాన్న ఏటా తిరుమల మెట్లెక్కే మనిషి. ఆయనా నేనూ కిందికి దిగాం.

ముందు అంచు సంగతి. నడక చాలావరకు చదునే. సల్ఫర్ బ్యాంక్స్ దగ్గర చెక్కవంతెన లాంటి బాట ఉంది, పెద్దవాళ్ళకి ఇబ్బంది ఉండదు. రాళ్ళ మీద పసుపు చల్లినట్టు గంధకం పేరుకుని ఉంటుంది. వాసన మాత్రం దీపావళి మర్నాడు మన వీధిలో వచ్చేదే, దానికి కుళ్ళిన గుడ్డు తోడు. కాస్త దూరంలో స్టీమ్ వెంట్స్. వాన నీళ్ళు లోపల వేడి రాళ్ళ దాకా ఇంకి ఆవిరై పైకొస్తాయి. అమ్మ కటకటాల మీంచి వంగి చూసిందో లేదో కళ్ళజోడు మొత్తం మసకబారింది. "ఇడ్లీ పాత్ర మూత తీసినట్టే ఉంది," అందట.

ఇక బిలం. 2018లో ఇక్కడి లావా తూర్పున పూనా ప్రాంతంలోకి పోయి ఏడొందలకి పైగా ఇళ్ళని మింగింది. అడుగున ఆధారం పోయి బిలం నేల కుప్పకూలింది, పార్కుని 134 రోజులు మూసేశారు. తర్వాత ఆ గోతిలో నీళ్ళూరి చెరువైంది. 2020 డిసెంబర్ 20 రాత్రి మళ్ళీ లావా వచ్చి ఆ చెరువునంతా మరిగించి ఎగరగొట్టేసింది. 2024 డిసెంబర్ 23న మొదలైన విస్ఫోటనం మరో రకం: కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో లావా ఫౌంటెన్ ఎగజిమ్మి, టక్కున ఆగిపోయి, కొన్ని రోజులు గ్యాప్ ఇచ్చి మళ్ళీ మొదలవుతుంది. 2025 పొడవునా ఇదే వరస. కొన్నిసార్లు ఆ ఫౌంటెన్ వెయ్యి అడుగులు దాటింది.

ఇక్కడే అందరూ పొరపడేది. "లావా కనిపిస్తుందిగా, అంచు మీదికే వెళ్దాం," అని టికెట్లు కొనేస్తారు. మేం వెళ్ళింది సరిగ్గా గ్యాప్‌లో. ద్వీపానికి అవతల పడమటి ఒడ్డున ఉన్న కోనాలో హోటల్ బుక్ చేసుకోవడం మా తెలివితక్కువతనం, దానివల్ల రెండున్నర గంటలు డ్రైవ్ చేసి వచ్చాం. తీరా చూస్తే పెద్ద బూడిదరంగు గొయ్యి, అందులోంచి లేచే పొగ. మావారి మొహం చూడాలి అప్పుడు!

అందుకే నా లెక్క ఇది: లావా ఎగసే రోజైతే మీకు ట్రెయిలే అక్కర్లేదు, కావాల్సింది పార్కింగ్ చోటు. పార్కు 24 గంటలూ తెరిచే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళి అంచున ఏదో ఒక వ్యూ పాయింట్ దగ్గర నిలబడండి, చాలు. బయల్దేరే ముందు యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ళ వెబ్‌క్యామ్‌లు, హవాయియన్ వాల్కనో అబ్జర్వేటరీ అప్‌డేట్ చూసుకోండి. లావా రాని రోజున అంచు మీద గంట చాలు. మిగిలిన పూటంతా కిలవేయా ఇకికే ఇవ్వాలి. అగ్నిపర్వతం అంటే ఏమిటో కంటికన్నా కాలికి బాగా తెలుస్తుందని నా గట్టి నమ్మకం. మావారు ఒప్పుకోరు, ఆయన దిగలేదు కాబట్టి.

కిలవేయా ఇకి దారి 3.3 మైళ్ళు, మొత్తం ఒక చుట్టు. అపసవ్య దిశలో తిరగమని పార్కు వాళ్ళ సలహా. నాన్న ఒక్క క్షణం ఆగి, "అప్రదక్షిణంగానా?" అన్నారు. అటునుంచే మేలు నాన్నా అని నచ్చజెప్పా. దారి మొదట్లో చెప్పులు, షూ అడుగులు రుద్దుకోవడానికి బ్రష్‌లు ఉంటాయి, దాటెయ్యకండి. ఓహియా చెట్లని చంపుతున్న ఒక బూజు తెగులు మన కాళ్ళ మట్టితోనే కొత్తచోట్లకి పాకుతోంది. ఆ ఓహియా మన నేరేడు కుటుంబానిదే, పువ్వు మాత్రం ఎర్రటి నిద్రగన్నేరు పువ్వులా కుచ్చుగా ఉంటుంది. దాన్ని కోస్తే వాన పడుతుందని అక్కడి నమ్మకం. మేం కొయ్యలేదు, అయినా పడింది.

మొదటి అరగంట చెట్లు, ఫెర్న్‌లు, పిట్టల కూతలు. తర్వాత ఒక మలుపు దగ్గర అడవి తెగిపోయి నల్లటి నేల మొదలవుతుంది. 1959 నవంబర్ 14న ఇక్కడ పగులు తెరుచుకుంది. డిసెంబర్ 20 దాకా ఆగుతూ లేస్తూ లావా చిమ్మింది. ఒక దశలో ఫౌంటెన్ 1,900 అడుగులు ఎగసింది. ఆ లావా అంతా బిలంలో చెరువులా నిలిచి, కొంత తిరిగి వచ్చిన దారినే లోపలికి పోయింది. పాలు పొంగి దిగాక గిన్నె అంచున చార మిగులుతుందే, అచ్చం అలాంటి చార ఇప్పటికీ గోడల మీద కనిపిస్తుంది. మిగిలిన లావా పైన తొందరగానే పెచ్చుకట్టినా, లోపలిదాకా గట్టిపడడానికి మూడు దశాబ్దాలు దాటింది.

దూరం నుంచి చదునైన తారురోడ్డులా ఉంటుంది, దగ్గరికెళ్తే కాదు. ఎండిన చెరువు మట్టి బీటలు తీసినట్టు ఉంటుంది, కాకపోతే ఒక్కో పెచ్చు మంచమంత. అంచుల్లో అవి ఒకదాని మీదికి ఒకటి ఎక్కి నిలువుగా లేచి ఉన్నాయి. చినుకులు మొదలయ్యాక బీటల్లోంచి సన్నగా ఆవిరి లేచింది. నాన్న చెయ్యి పెట్టి చూసి, "అరవై ఏళ్ళు దాటినా ఇంకా వెచ్చగానే ఉందే," అన్నారు. ఒక బీటలో చిటికెన వేలంత ఓహియా మొక్క, దానికి రెండే ఆకులు. దారి గుర్తుగా రాళ్ళు పేర్చి పెట్టారు, వాటి వెంబడే వెళ్ళాలి. సరదాగా సొంత రాళ్ళగుట్టలు కట్టకండి, వెనకొచ్చేవాళ్ళు దారి తప్పుతారు.

నల్లగా, నురగలా బొరియలతో ఉండి మరమరాల ఉండంత తేలికైన రాయి ఒకటి నాన్న చేతిలోకి తీసుకున్నారు, పూజగదిలో పెడదామని. రాళ్ళు తీసుకెళ్ళకూడదన్నది పార్కు రూలు. పైగా ఇది అగ్నిపర్వతాల దేవత పెలే అమ్మవారి ఇల్లని అక్కడివాళ్ళు నమ్ముతారు. ఆ మాట చెప్పగానే తీసిన చోటే, తీసినట్టే పెట్టేశారు.

ఇక అసలు పరీక్ష. తిరుమలలో ముందు ఎక్కుతాం, అలిసిపోతే వెనక్కి దిగిపోవచ్చు. ఇక్కడ తిరగబడింది లెక్క: దిగేటప్పుడు అందరూ హుషారే, 400 అడుగుల ఎక్కుడు చివర్లో పెట్టారు. మలుపులు మలుపులుగా మెట్లూ, తడిసిన రాళ్ళూ. నాన్న రెండుచోట్ల కూర్చున్నారు. మాకు మొత్తం మూడు గంటలు పట్టింది. కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని "మెల్లగా వెళ్దాంలే" అని లాక్కెళ్ళకండి, అడుక్కి దిగాక వేరే దారి లేదు. ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువున్న రోజున ఏ దారికీ వెళ్ళకపోవడమే మంచిది. బీచ్ నుంచి నిక్కర్లతో సరాసరి వచ్చేస్తుంటారు. ఇది నాలుగువేల అడుగుల ఎత్తు, అరకు కన్నా ఎక్కువ. రెయిన్ జాకెట్ తప్పనిసరి.

పైకొచ్చాక నలుగురం కలిసి డబ్బాలోని పులిహోర తిన్నాం. అక్కడ తిరిగే బాతు జాతి పిట్ట పేరు నేనే. "ఎవరది?" అంటే "నేనే" అనుకుంటూ మావారు తెగ నవ్వుకున్నారు. దానికి మాత్రం మెతుకు కూడా పెట్టకూడదు.

మిగతావి పొట్టిగా. నాహుకు లావా గుహ ఎక్కి వచ్చే చోటే ఉంది, పావుగంట పని, పిల్లలకి నచ్చుతుంది. డివాస్టేషన్ ట్రెయిల్ పోనూరానూ ఒక మైలు, తారుబాట, అమ్మలాంటివాళ్ళకి సరిపోతుంది. పూ హులుహులు రెండున్నర మైళ్ళు, 1969-74 లావా మీద నడక, బాగుంటుందంటారు, మేం వెళ్ళలేదు. పక్కనున్న పెద్ద అగ్నిపర్వతం మౌనా లోవా శిఖరం మన కోవలోది కాదు, అది రోజుల తరబడి చేసే ట్రెక్. చైన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డులో సముద్రం దాకా దిగేట్టయితే పెట్రోలు, నీళ్ళు ముందే చూసుకోండి, దారిలో దొరకవు.

చుట్టుపక్కల పార్కుల కోసం రోజు విడగొట్టాల్సిన పని లేదు. హిలోలో దిగేవాళ్ళు రెయిన్‌బో ఫాల్స్ కారు దిగి చూసేసి రావచ్చు. 442 అడుగుల అకాకా ఫాల్స్‌కి గంట ఇవ్వండి. పాహోవా దగ్గర లావా ట్రీ పార్కులో 1790 నాటి లావా చెట్ల చుట్టూ గడ్డకట్టి మిగిలిన బోలు స్తంభాలున్నాయి. అక్కడికి దోమల మందు రాసుకుని వెళ్ళండి.