కారు కడిగే గుడ్డలు, వాక్స్ పెట్టే ప్యాడ్లు: కొన్నేళ్లు వాడాక ఏవి మిగిలాయి, ఏవి పక్కకెళ్లాయి

మా కారు నల్ల సెడాన్. నల్ల కారు ఏదీ దాచుకోదు, దుమ్మైనా గీతలైనా నీటి మరకలైనా పార్కింగ్ ట్యూబ్‌లైట్ కింద అన్నీ బయటపెట్టేస్తుంది. ఉండేది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. బోరు నీళ్లు, వేసవి వస్తే ట్యాంకర్ నీళ్లు, చుట్టూ ఏడాది పొడవునా ఏదో ఒక కన్‌స్ట్రక్షన్. కారు నేనే కడుక్కుంటాను, వాక్స్ కూడా నేనే పెట్టుకుంటాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఇలాంటి చోట ఇలాంటి బండితో తేలిన సంగతి. తెల్ల కారు, మంచి నీళ్లు ఉన్నవాళ్లు ఇందులో సగం వదిలేసినా ఏం కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ వాక్స్ కొనాలి అని జనం తెగ వెతుకుతారు, అసలు డబ్బు పెట్టాల్సింది బండిని తాకే గుడ్డ మీద. పెయింట్ మీద ఉండే క్లియర్ కోట్ అనే పారదర్శక పొర మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు అంతే. మనం గీసే ప్రతి సన్న గీతా అందులోనే పడుతుంది, తర్వాత పాలిష్ షాపువాడు ఆ గీతలు పోగొట్టేది కూడా ఆ పొరనే కాస్త అరగదీసి. వాక్స్ ఏదైనా కొన్ని వారాల్లోనో నెలల్లోనో పోతుంది, గీత మాత్రం ఉండిపోతుంది.

ఇక అపార్ట్‌మెంట్లలో అందరికీ తెలిసిన విషయం, పొద్దున్నే కార్లు తుడిచే అబ్బాయి. ఒకటే బకెట్, ఒకటే గుడ్డ, అందరూ ఆఫీసుకు బయల్దేరే లోపు వరసగా అన్ని కార్లూ అయిపోవాలి. అతని తప్పేం లేదు, ఇచ్చే డబ్బుకి, ఉన్న టైముకి అంతకన్నా ఎవరూ చెయ్యలేరు. కానీ నాలుగో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ బకెట్ అడుగున మూడు కార్ల ఇసుక ఉంటుంది. "తమ్ముడూ, మా బండికి అద్దాలు మాత్రం తుడువు, బాడీ మీద గుడ్డ వెయ్యొద్దు, డబ్బులు అవే ఇస్తా" అంటే, "గట్లయితే మెరవది గద సార్, మళ్ల మీరే అంటరు" అన్నాడు. అననని ఒప్పించడానికి కాస్త టైం పట్టింది. గీతలు కొత్తగా రావడం తగ్గింది అంటే సగం దీనివల్లే, నేను కొన్న ఖరీదైన టవల్స్ వల్ల కాదు.

పాత బనియన్లు, లుంగీ ముక్కలు, సిగ్నల్స్ దగ్గర అమ్మే పసుపు గుడ్డల గురించి ఒక మాట. కాటన్ మెత్తగానే ఉంటుంది, సమస్య మెత్తదనం కాదు. ఈ గుడ్డలన్నీ చదునుగా ఉంటాయి, వాటికి నూగు, అంటే పైకి లేచిన పోగులు, ఉండవు. దుమ్ము రేణువు లోపలికి దిగడానికి చోటు లేక గుడ్డకీ పెయింట్‌కీ మధ్యే ఉండిపోతుంది, మనం చెయ్యి తిప్పినప్పుడల్లా అదీ తిరుగుతుంది. స్పాంజితోనూ అదే బాధ. అందుకే స్పాంజిని పెయింట్ నుంచి పూర్తిగా తీసేశాను, చక్రాలకు మాత్రం ఉంచాను.

షాంపూ వాష్‌కి నేను వాడేది నూడుల్స్ లాంటి వేళ్లు వేలాడే మిట్, అంటే చేతికి తొడుక్కునే తొడుగు, ఆ రకాన్నే షెనిల్ అంటారు. గొర్రె ఉన్నిది కూడా వాడాను, చేతికి హాయిగా ఉంటుంది, పెయింట్ మీద చాలా మృదువుగా జారుతుంది, కానీ మన వానాకాలంలో అది ఆరేసరికి వాసన పడుతుంది, లోపలి తోలు గట్టిపడుతుంది. పొడి ఎండ ఉండే ఊళ్లో అయితే అదే కొనమని చెప్పేవాణ్ణి. షెనిల్ చవక, తొందరగా ఆరుతుంది. దానితో ఒకటే జాగ్రత్త, ఇసుక వేళ్ల మొదట్లో దాక్కుంటుంది, పైపైన జాడిస్తే రాదు. కుళాయి కింద పెట్టి వేళ్లు విడదీసి కడగాలి. రెండు మిట్లు ఉంచుకోండి, ఒకటి డోర్ల సగం నుంచి పైకి, ఇంకోటి కిందికి. బంపర్ కింది భాగం, చక్రాల పక్క ప్యానెళ్ల మీద ఉండే మట్టి బానెట్ మీదికి ఎక్కకూడదు. రెండు బకెట్లు, ఒకటి షాంపూ నీళ్లకి, ఒకటి మిట్ జాడించడానికి. ఇది చాదస్తం అనుకునేవాళ్లు ఒక్కసారి జాడించిన బకెట్ అడుగున చూసుకుంటే చాలు.

అయితే నిజం చెప్పాలంటే మా దగ్గర పైపు పెట్టి కడిగే అవకాశం తక్కువ. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్న జనం ముందు పైపు పట్టుకుని నిలబడితే కమిటీ వాట్సాప్ గ్రూపులో మన ఫోటో పడుతుంది. అందుకే ఎక్కువసార్లు రిన్స్‌లెస్ పద్ధతి, అంటే దానికోసమే అమ్మే లిక్విడ్ కలిపిన ఒక బకెట్ నీళ్లలో గుడ్డలు నానబెట్టి తుడవడం, మళ్లీ నీళ్లు కొట్టే పని లేదు. ఓఎన్ఆర్ (ఆప్టిమమ్ నో రిన్స్) లాంటి లిక్విడ్లు నాలుగు లీటర్లకు 15 మిల్లీలీటర్లు వేస్తే సరిపోతుంది. టవల్ విలువ తెలిసేది ఈ పద్ధతిలోనే. 40 సెంటీమీటర్ల చదరపు గుడ్డని రెండుసార్లు మడిస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖంతో ఒకే దిక్కుగా ఒకసారి లాగాలి, తిప్పాలి, ఇంకో ముఖం. వాడేసిన ముఖం మళ్లీ పెయింట్‌కి తగలకూడదు, వాడేసిన గుడ్డ మళ్లీ బకెట్లో పడకూడదు. అరడజను గుడ్డలుంటే సెడాన్ మొత్తం అయిపోతుంది. తుడిచే ముందు అవే లిక్విడ్ కలిపిన నీళ్లని స్ప్రే బాటిల్‌తో ప్యానెల్ మీద కొట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగండి, దుమ్ము నానుతుంది. ఊరెళ్లి మట్టిరోడ్డు మీద వచ్చిన బండికి మాత్రం ఇది వద్దు, ముందు ఎక్కడైనా ప్రెషర్ వాటర్ కొట్టించుకుని తర్వాతే.

ఇప్పుడు గుడ్డలు, అంటే మైక్రోఫైబర్ గుడ్డలు. ప్యాకెట్ మీద జీఎస్ఎం అని పెద్ద అక్షరాలతో రాస్తారు, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు ఉంటుందో అది. ఎక్కువ ఉంటే మంచిది అని అందరూ అనుకునేలా అమ్ముతారు. అలా ఏం కాదు, ఏ పనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. వాక్స్ తుడవడానికి 300 నుంచి 400 మధ్యలో ఉండే పొట్టి నూగు గుడ్డ బాగా పనిచేస్తుంది. 800 దాటిన దిట్టమైన గుడ్డతో ఆరిన వాక్స్ తుడిస్తే అది తీసేకంటే ఎక్కువ పూస్తుంది, చెయ్యి కూడా నొప్పి పుడుతుంది. ఆ దిట్టమైనవి నీళ్లు పీల్చడానికి, లేదా చివర్లో స్ప్రే కొట్టి మెల్లగా తుడవడానికి. రిన్స్‌లెస్‌కి కూడా 350 చుట్టుపక్కలవి చాలు, మరీ దిట్టమైనవి నీళ్లు మోసి మోసి చేతిని లాగేస్తాయి.

జీఎస్ఎం కన్నా నేను ముందు చూసేది రెండు. ఒకటి, పాలియెస్టర్, పాలీఅమైడ్ పాళ్లు. 80కి 20 సాధారణం, 70కి 30 కాస్త మెత్తన, నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, ధరా ఎక్కువే. ఏమీ రాయని ప్యాకెట్లు కూడా ఉంటాయి, వాటిని పొడి చేతి మీద లాగి చూడండి. చీల్చిన పోగులున్న అసలు మైక్రోఫైబర్ చర్మానికి సన్నగా పట్టుకుంటుంది, కొందరికి ఆ స్పర్శే చిరాకు. పట్టుకోకుండా జారిపోతే అది మైక్రోఫైబర్ అని పేరు పెట్టుకున్న మామూలు పాలియెస్టర్ గుడ్డ, నీళ్లని పీల్చదు, ముందుకు తోస్తుంది అంతే. రెండోది అంచు. నైలాన్ దారంతో కుట్టిన గట్టి అంచు కన్నా అసలు కుట్టులేని అంచు నయం. ఆ కుట్టులేనివే మామూలు నాలుగు గుడ్డల ప్యాకెట్లలో ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. లేబుల్ ఉంటే కత్తిరించేయండి, గుడ్డంతా పట్టులా ఉన్నా ఆ చిన్న ముక్కే గీస్తుంది. గుడ్డ మీద గానీ ప్యాడ్ మీద గానీ అనుమానం ఉంటే పాత సీడీ మెరిసే వైపు గట్టిగా రుద్ది వెలుతురులో పెట్టి చూడండి. సీడీ మీద గీతలు పడితే నల్ల పెయింట్ మీదా పడతాయి.

ముదురు ఎరుపు, నీలం గుడ్డలు మొదటి రెండు ఉతుకుల్లో రంగు వదులుతాయి. కొత్త గుడ్డ ఏదైనా ముందు ఒకసారి ఉతక్కుండా బండి మీద పెట్టొద్దు, నూగు ఊడి అద్దాల మీదంతా అంటుకుంటుంది.

ఆరబెట్టే టవల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తుంది. ఆ నీటి చుక్క ఎండలో బానెట్ మీద ఆరితే తెల్లటి వలయం పడుతుంది, వదిలేస్తే తర్వాత షాంపూకి కూడా పోదు. కాబట్టి నీళ్లు ఆరేలోపు తీసేయాలి, అదీ రుద్దకుండా. మొదట్లో గొట్టంలాంటి డబ్బాలో వచ్చే సింథటిక్ షామీ, అంటే తోలులా ఉండే గుడ్డ, వాడేవాణ్ణి. నీళ్లు బాగా తాగుతుంది, పిండితే మళ్లీ రెడీ, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ అది కూడా చదునే, ఎక్కడైనా ఒక ఇసుక రేణువు మిగిలితే దాన్ని ప్యానెల్ చివరిదాకా ఈడ్చుకెళ్తుంది. ఎండితే అప్పడంలా గట్టిపడుతుంది, తడిగా డబ్బాలో మూసిపెడితే వానాకాలంలో బూజు పడుతుంది. ఇప్పుడు అది డోర్లు తెరిస్తే కనిపించే అంచులకీ, డిక్కీ చుట్టూ ఉండే గాడికీ పనికొస్తోంది.

దాని స్థానంలోకి వచ్చింది మెలితిప్పిన పోగుల టవల్, ట్విస్టెడ్ లూప్ అని అమ్ముతారు, 1000 జీఎస్ఎం పైన ఉంటుంది. దీన్ని బానెట్ మీద పరిచి, ఒక చివర రెండు మూలలూ పట్టుకుని మెల్లగా లాగడమే, నొక్కే పని లేదు. సెడాన్‌కి 50 బై 80 సెంటీమీటర్ల సైజు ఒకటి సరిపోతుంది. పెద్ద ఎస్‌యూవీకి కూడా దానికన్నా పెద్దది కొనే బదులు ఇదే సైజు రెండు కొనుక్కోవడం నయం, తడిసిన పెద్ద టవల్ బరువుకి పార్కింగ్ నేల మీద కొస తగులుతుంది, నేలకి తగిలిన గుడ్డ ఆ రోజుకి ఇక పెయింట్ మీదికి రాకూడదు. వాఫిల్ అనే గళ్ల నేత టవల్ కూడా ఉంది, పల్చగా ఉంటుంది, బాడీకి నాకు నచ్చలేదు గానీ అద్దాలకి దాన్ని మించింది లేదు. అద్దాలకి వేరే గుడ్డ తప్పనిసరి. వాక్స్ అంటిన గుడ్డతో ముందు అద్దం తుడిస్తే మొదటి వానకి రాత్రిపూట వైపర్ గీసిన చోటల్లా ఎదురు బండ్ల లైట్లు చెదిరిపోయి కనిపిస్తాయి.

వాక్స్ అప్లికేటర్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డబ్బాతో పాటు వచ్చే గుండ్రటి ఫోమ్ ప్యాడ్ చాలు. పేస్ట్ వాక్స్‌కి ఫోమే సరైనది, ఎందుకంటే అది వాక్స్‌ని లోపలికి తాగేయదు, పల్చగా పూస్తుంది. మైక్రోఫైబర్ ప్యాడ్‌తో పేస్ట్ పూస్తే సగం వాక్స్ ప్యాడ్‌లోనే ఉంటుంది. లిక్విడ్ వాక్స్‌కి రెండూ పర్వాలేదు, స్ప్రే సీలెంట్లకి (వాక్స్ బదులు వాడే సింథటిక్ రకం) మాత్రం ప్యాడే అక్కర్లేదు, పొట్టి నూగు గుడ్డ మీద కొట్టి పూసి ఇంకో గుడ్డతో తుడిచేయడమే. నేను మెగ్వయర్స్ పేస్ట్, టర్టిల్ వాక్స్ లిక్విడ్ రెండూ వాడాను, రెండూ మంచివే, మన ఎండల్లో దేని మీదా పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. చాలా వాక్స్‌లలో వేసే కార్నోబా బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మైనం, 80 డిగ్రీలు దాటాకే కరుగుతుంది, అయినా మే నెల ఎండలో రోజంతా నిలబడే నల్ల బానెట్ మీద నాకు ఎక్కువ కాలం నిలవలేదు. పల్చగా పూసి, వేలితో ఒక గీత గీసి చూసి, గీసిన చోట శుభ్రంగా వస్తే అప్పుడు తుడవాలి. మందంగా పూస్తే మెరుపేమీ పెరగదు, తుడిచే గుడ్డలు మాత్రం రెండింతలు పడతాయి. నంబర్ ప్లేట్ అంచు, బ్యాడ్జీల మూలల దగ్గర ఫోమ్ చిరుగుతుంది, అక్కడ చుట్టూ వదిలేయండి. వాడిన ప్యాడ్‌ని అదే రోజు గోరువెచ్చని నీళ్లలో డిష్‌వాష్ లిక్విడ్ వేసి పిసికి కడగకపోతే గట్టిపడిపోతుంది. టైర్లకి పూసే దానికి వంపు తిరిగిన ప్రత్యేక ప్యాడ్ అమ్ముతారు, గిన్నెలు తోమే స్పాంజిని సగానికి కోసుకుంటే అదే పని జరుగుతుంది. సిరామిక్ కోటింగ్ సొంతంగా వేసుకునేవాళ్లకి మాత్రం చిన్న స్వెడ్ గుడ్డలు వేరే ఉంటాయి, అవి ఒక్కసారికే, కోటింగ్ అందులోనే గట్టిపడుతుంది కాబట్టి ఉతికి మళ్లీ వాడొద్దు.

గుడ్డ ఎన్నేళ్లు వస్తుందన్నది కొన్నప్పటి ధర కన్నా ఉతికే పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది. ఇంట్లో బట్టలతో కలిపి వేస్తే కాటన్ పీచు అంతా దీనికి పట్టుకుంటుంది, మళ్లీ వదలదు. విడిగా, లిక్విడ్ డిటర్జెంట్‌తో, మామూలు నీళ్లు లేదా 40 డిగ్రీల వేడి వరకు. పొడి సబ్బు మా బోరు నీళ్లలో సరిగ్గా కరగక పోగుల్లో మిగులుతుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ అస్సలు వద్దు, పోగుల మీద పొరలా పట్టి నీళ్లు పీల్చనివ్వదు. ఇస్త్రీ గురించి చెప్పక్కర్లేదు, అది పాలియెస్టర్, పోగులు కరిగి అతుక్కుంటాయి. బోరు నీళ్ల వల్ల గుడ్డలు గరుకుగా అయితే చివరి జాడింపులో కాస్త తెల్ల వెనిగర్ వేస్తే మెత్తబడతాయి. వాక్స్ తుడిచినవి, నీళ్లు ఆరబెట్టేవి కలపకండి, వాక్స్ పట్టిన ఆరబెట్టే టవల్ నీళ్లని తోసేస్తుంది.

ఆరేసే చోటు కూడా చూసుకోవాలి. మా టెర్రస్ మీద వేస్తే పక్క సైట్ సిమెంట్ దుమ్ము, ఉగాది ముందు వేపపూత, ఎండుపుల్లలు అన్నీ చేరతాయి. ఒక సన్న పుల్ల పోగుల్లో చిక్కుకుంటే కంటికి కనిపించదు. అందుకే ఇంట్లో ఫ్యాన్ కింద ఆరేసి జిప్ కవర్లలో పెడతాను. ఇంట్లో దీని మీద చిన్న గొడవ ఉంది, బట్టల స్టాండ్ సగం కారుకే పోతోందని మా ఆవిడ అంటుంది, అది నిజమే.

ధరల మాటకొస్తే నాలుగు గుడ్డల మామూలు ప్యాకెట్ ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందల రూపాయల దగ్గర దొరుకుతుంది, ఆఫర్లలో తగ్గుతుంది. అవి తక్కువ రకం అని తీసిపారేయక్కర్లేదు, నా దగ్గర ఎక్కువ పనిచేసేవి అవే. దిగుమతి గుడ్డలు రెండు కొన్నాను, మెత్తదనంలో తేడా చేతికి తెలుస్తుంది గానీ బండి మీద నాకైతే కనిపించలేదు. పాతబడిన గుడ్డల్ని ఒకే దిక్కుగా దించుతూ పోవాలి: బానెట్ నుంచి డోర్ల కింది భాగానికి, అక్కడి నుంచి డోర్ అంచులకి, తర్వాత చక్రాలకి, ఆఖరికి ఇంజన్ దగ్గరికి. కిందికి దిగింది మళ్లీ పైకి ఎక్కకూడదు, ఎంత బాగా ఉతికినా సరే. నేను ఏ గుడ్డ ఎక్కడిదో మూల మీద మార్కర్‌తో రాసి పెడతాను, ఎందుకంటే ఉతికాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇంజన్ గుడ్డలు కూడా అయిపోయాక బైక్ చైన్ తుడవడానికి వెళ్తాయి, గ్రీజు పట్టాక ఇక చెత్తబుట్టలోకే.