ఉంగరమా, సింహాసనమా: మొదట ఏది చదవాలి?

విజయవాడలో పుస్తక మహోత్సవం మొదలయ్యే రోజుల్లో డిగ్రీ పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "మాస్టారూ, ఇంగ్లిషులో పెద్ద ఫాంటసీ నవల ఒకటి చదవాలని ఉంది. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కొనమంటారా, 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' కొనమంటారా?" రెండూ లావుపాటి పుస్తకాలే. విద్యార్థి జేబుకు ఒకేసారి రెండూ అందవు. నేను మొదటిది రాసిన టోల్కీన్ వైపే మొగ్గుతాను. అయితే ఈ సలహా అందరికీ సరిపడదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

గుంటూరు, పల్నాడు ప్రాంతాల పాఠకుడికి చప్పున దగ్గరయ్యేది నిజానికి రెండోది, అంటే మార్టిన్ రాసిన 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవలే. టీవీలో చూసి ఉండటం ఒక కారణం. కారంపూడి కథలు వింటూ పెరగడం అంతకన్నా బలమైన కారణం. సవతి అన్నదమ్ములు నలగామరాజు, మలిదేవరాజు. వారి వెనుక నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడినవారికి ఏడేళ్ల వలస. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజుకు విషం. ఆ అలరాజు నలగాముడికి స్వయానా అల్లుడు! ఇది తెలిసినవారికి మార్టిన్ నవలలోని స్టార్కు, లానిస్టరు వంశాల పగ కొత్తగా అనిపించదు. మార్టిన్ తన కథకు ముడిసరుకును 15వ శతాబ్దపు ఇంగ్లండులో జరిగిన గులాబీ యుద్ధాల నుంచి తీసుకున్నాడు. అయినా పేరుకు రాజు ఒకడు, రాజ్యం నడిపేది మరొకరు కావడం, వియ్యాలు కయ్యాలను ఆపలేకపోవడం మనకు తెలియని సంగతులా?

మార్టిన్ బలం కథనంలో ఉంది. మొదటి సంపుటమైన 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో ఉపోద్ఘాతం తర్వాత ప్రతి అధ్యాయాన్నీ ఎనిమిది మందిలో ఎవరో ఒకరి కళ్లతో చూస్తాం. ఒక అధ్యాయంలో దుర్మార్గుడిగా కనిపించినవాడి బాధ తర్వాతి అధ్యాయంలో మనకు అర్థమవుతుంది. లానిస్టర్ల ఇంటి టిరియన్‌ను ద్వేషించడం నా వల్ల కాలేదు. నాగమ్మను ఒకరు దుష్టురాలని, మరొకరు దక్షురాలైన మంత్రిణి అని చెప్పుకుంటారు కదా, ఆ రెండు చూపులనూ మార్టిన్ ఒకే పుస్తకంలో ఇముడ్చుతాడు. స్త్రీ పాత్రల్లో కూడా ఆయనదే పైచేయి. కేట్లిన్, ఆర్యా, సెర్సీ, డెనేరిస్‌ల పక్కన నిలబెట్టడానికి టోల్కీన్ దగ్గర ఎయొవిన్ తప్ప గట్టి పాత్ర నాకు కనిపించదు.

ఇన్ని మెచ్చుకుని కూడా దాన్ని మొదట చదవమని ఎందుకు చెప్పను? ఆ కథ పూర్తి కాలేదు. మొదటి సంపుటం 1996లో వచ్చింది, ఐదోది 2011లో. ఏడు రాస్తానన్న రచయిత ఆరోదాన్ని ఇంకా పాఠకుల చేతికి ఇవ్వలేదు. ఇది చిన్న లోపమని సరిపెట్టుకోలేను. భారతం యుద్ధంతో ఆగదు. స్త్రీపర్వం ఉంది, శాంతిపర్వం ఉంది. గెలిచినవాడు ఆ గెలుపును ఏం చేసుకున్నాడన్నది తెలిసేదాకా ఇతిహాసం ముగిసినట్టు కాదు. అదీకాక, మార్టిన్ నవలలో హింస, లైంగిక సన్నివేశాలు పచ్చిగా ఉంటాయి. ఇంటర్ పిల్లల చేతికి నేను ఇవ్వను.

ఇక టోల్కీన్. 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వెలువడిన నవల. ఆరంభం నెమ్మది, అందులో సందేహం లేదు. మొదట్లో వచ్చే పుట్టినరోజు విందుకూ కథానాయకుడు ఫ్రోడో ఇల్లు విడిచి బయలుదేరడానికీ మధ్య కథలో పదిహేడేళ్లు గడుస్తాయి. టామ్ బాంబడిల్ అధ్యాయాల దగ్గర పుస్తకం మూసేసినవారు నాకు తెలుసు. ఎల్రండ్ ఇంట్లో సభ జరిగేదాకా ఓపిక పట్టండి. అక్కడ నవల అసలు ప్రశ్న మన ముందుకు వస్తుంది: గొప్ప శక్తినిచ్చి, దగ్గర ఉంచుకున్నవారినే చెరిచే ఉంగరాన్ని వాడుకోవాలా, నాశనం చేయాలా?

ఆ ప్రశ్న మనకు వినాయకచవితి కథ వల్ల బాగా తెలిసినదే. శమంతకమణి రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుంది. దాన్ని మెడలో వేసుకుని వేటకు వెళ్లిన ప్రసేనుడు సింహం చేతిలో చచ్చాడు. సింహాన్ని జాంబవంతుడు చంపాడు. శతధన్వుడు మణి కోసం సత్రాజిత్తును చంపి, తానూ ప్రాణం పోగొట్టుకున్నాడు. కృష్ణుడికేమో నీలాపనింద. చేతులు మారిన కొద్దీ చావులే. అయినా దాన్ని సముద్రంలో పారేద్దామని ఆ కథలో ఎవరూ అనరు. టోల్కీన్ పాత్రలు అనుకుంటాయి. ఉంగరాన్ని మంచికి వాడుకుందామని బోరొమిర్ అనే యోధుడు వాదిస్తాడు, పైగా అతడు చెడ్డవాడు కాడు. ఫ్రోడో ఇస్తానంటే మాంత్రికుడు గాండాల్ఫ్ వద్దంటాడు. ఎల్ఫుల దొరసాని గలాడ్రియల్ కూడా వద్దంటుంది. తన చేతికి వస్తే తాను ఏమైపోతుందో ఆమెకు ముందే తెలుసు. ఈ నవలలో ఏ యుద్ధమూ నన్ను ఆ నిరాకరణ అంతగా కదిలించలేదు.

ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్లేవాడు వీరుడూ కాదు, యువకుడూ కాదు. బయలుదేరేనాటికి ఫ్రోడోకు యాభై ఏళ్లు. అతడిని కాపాడింది కత్తి కాదు, ఉంగరం కోసం వెంటపడే గొల్లమ్‌ను చంపకుండా వదిలిన జాలి. అది చివరికి ఎలా ఫలించిందో ఇక్కడ చెప్పను, చదివి తెలుసుకోవలసిందే. టోల్కీన్ 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, సోమ్ యుద్ధరంగంలో సైనికుడిగా ఉన్నవాడు. నీళ్ల అడుగున శవాల ముఖాలు కనిపించే చిత్తడి నేలల అధ్యాయం చదువుతుంటే ఆ సంగతి గుర్తుకొస్తుంది. ముగింపులో ఆయన శాంతిపర్వాన్ని ఎగ్గొట్టలేదు. ఫ్రోడో, అతడి జాతివారైన తోటి హాబిట్లు ఇంటికి తిరిగొచ్చేసరికి ఊరు పాడైపోయి ఉంటుంది. దాన్ని బాగుచేసుకున్నా ఫ్రోడో గాయం మానదు.

భాష మాటకొస్తే తెలుగు మాధ్యమంలో చదివినవారికి మార్టిన్ వాక్యం సులువు, పేర్ల గుంపు కష్టం. టోల్కీన్‌ దగ్గర మాటలు పాతవి, వర్ణనలు పొడవు. పాటలు బిగ్గరగా చదివితే బాగుంటాయి, లేదంటే దాటేసినా కథ తెగదు.

'ది వీల్ ఆఫ్ టైమ్' సంగతీ అడుగుతారు. 1990 నుంచి 2013 దాకా పద్నాలుగు సంపుటాలు. రాబర్ట్ జోర్డన్ 2007లో మరణిస్తే చివరి మూడింటినీ బ్రాండన్ శాండర్‌సన్ పూర్తిచేశాడు. మొదటి పుస్తకంగా అంత బరువు ఎవరికీ వద్దు.

పదో తరగతిలోపు పిల్లలకైతే ఇవేవీ కాదు, చందమామలో 1954లో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' ఇవ్వండి. ఆయన మన తెనాలి ప్రాంతం వారే. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు, శాక్తేయుడి త్రిశూలం కోసం కొట్టుకునే ఏకాక్షి, చతుర్నేత్రుడు, వాటికి చిత్రా గారి బొమ్మలు. అక్కడ మంత్రవస్తువును ఎవరు దక్కించుకుంటారన్నదే ఉత్కంఠ. అది చదివిన పిల్లవాడికి, దక్కినదాన్ని వదులుకోవడానికి బయలుదేరే ఫ్రోడో కథ పెద్దయ్యాక మరింత గట్టిగా తగులుతుంది.

టోల్కీన్‌ను ఏలూరు రోడ్డులోనో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లోనో కొనేటట్టయితే ఏ సంపుటమో చూసుకుని తీసుకోండి. రెండోది ఒక్కటే దొరికితే కొనకండి, అది విడిగా చదివే నవల కాదు. గుంటూరు, విజయవాడల మధ్య రోజూ రైల్లో తిరిగేవారికి మూడు విడి పుస్తకాలే నయం. వెయ్యి పేజీలు దాటిన ఒకే సంపుటం నిలబడి చదవడానికి వీలుపడదు. మూడోదాని చివర అనుబంధాలు ఉన్నాయో లేదో కూడా చూడండి. అరగోర్న్, అర్వెన్‌ల ప్రేమకథ పూర్తిగా ఉన్నది అక్కడే.