విండోస్ 10 పోయాక మా డీటీపీ షాపులో ఏం వేశాం: విండోస్ 11, లైనక్స్ మింట్ రెండిటి రివ్యూ

మాది తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, బిల్ బుక్కులు. ఐదు సిస్టమ్స్, అన్నిట్లోనూ విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయని ముందే తెలుసు, అయినా పెళ్ళిళ్ళ టైములో ఎవరు కెలుకుతారులే అని వదిలేసి, మూఢం వచ్చి పని పడిపోయాక మొదలుపెట్టాం.

సిస్టమ్స్ అమ్మే ఆయన్ని అడిగితే ఐదూ మార్చేయమన్నాడు. అమ్ముకునేవాడు ఇంకేం చెప్తాడు! డబ్బు కట్టి విండోస్ 10కే అప్‌డేట్లు తెచ్చుకుందామా అంటే, బిజినెస్ వాళ్ళకి ఒక్కో సిస్టమ్‌కి మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. మూడేళ్ళకి 427 డాలర్లు, అంటే 30,000 రూపాయల పైనే. పాత డబ్బా మీద అంత పోయడం దండగ.

విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచీ ఉండాలి, టీపీఎం 2.0 (బోర్డులో ఉండే సెక్యూరిటీ చిప్ లాంటిది) ఉండాలి. మా డిజైనింగ్ సిస్టమ్స్ రెండూ ఎనిమిదో జనరేషనే, అయినా చెక్ చేస్తే పనికిరావని చూపించింది. గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే టీపీఎం లేక కాదు, బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగ్స్) పీటీటీ అన్న ఆప్షన్, అంటే ఇంటెల్ వాళ్ళ టీపీఎమ్మే, ఆఫ్‌లో ఉంది. ఆన్ చేస్తే ఒకటి పాసైపోయింది. రెండోదానికి డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే, విండోస్ 11కి కావాల్సిన జీపీటీ పద్ధతికి ఎంబీఆర్2జీపీటీ కమాండ్‌తో మార్చాల్సి వచ్చింది (కస్టమర్ల ఫైళ్ళన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాకే, అది మాత్రం మర్చిపోవద్దు). అప్‌గ్రేడ్‌కి రూపాయి ఖర్చు లేదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టే అను స్క్రిప్ట్ రెండూ మామూలుగానే నడుస్తున్నాయి. 2001 నాటి పేజ్‌మేకర్ ఇంకా నడుస్తోందంటే నాకే ఆశ్చర్యం. మా బాబాయికి మాత్రం స్టార్ట్ బటన్ మధ్యలోకి రావడం నచ్చలేదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఎడమవైపుకి జరిపాకే కుర్చీలో కూర్చున్నాడు.

అన్నిటికీ విండోస్‌కి బదులు లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమే వేసేయొచ్చుగా అని మా తమ్ముడు ఒకటే గొడవ. వాడికి అర్థం కానిదేంటంటే, మనల్ని కట్టేసింది విండోస్ కాదు, పాత ఫైళ్ళు. అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, నెట్‌లో కనిపించే మామూలు తెలుగు) కాదు, ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళ శుభలేఖలు అలాగే ఉన్నాయి మా దగ్గర. పోయినసారి కొట్టిన కార్డే, పేర్లు మార్చి ఇవ్వండి అని వచ్చేవాడికి మళ్ళీ మొదట్నుంచీ కొట్టి ఇవ్వలేం కదా. అకౌంట్స్‌కి ట్యాలీ వాడేవాళ్ళదీ ఇదే కథ, అది విండోస్ సాఫ్ట్‌వేరే.

కౌంటర్ దగ్గరున్న రెండు ఆరో జనరేషన్ సిస్టమ్స్‌కి మాత్రం తమ్ముడి మాట విన్నాం. ఒక్కోదానికి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేసి లైనక్స్ మింట్ 22 ఎక్కించాం. 4 జీబీ ర్యామ్‌తోనే హాయిగా నడుస్తోంది. మెయిల్, వాట్సాప్ వెబ్, పీడీఎఫ్ ప్రింట్లు, లిబ్రేఆఫీస్‌లో బిల్లులు, కౌంటర్లో ఇంతకన్నా పనేముంది? తెలుగు కూడా మాకు అలవాటైన యాపిల్ కీబోర్డ్ లేఅవుట్‌లోనే (ఏ కీకి ఏ అక్షరం అన్న అమరిక) కొట్టుకోవచ్చు, వేళ్ళకి కొత్తగా ఏం నేర్పక్కర్లేదు. వర్డ్ ఫైళ్ళలో టేబుల్స్ అప్పుడప్పుడూ అటూ ఇటూ జరుగుతున్నాయి, అది నిజం.

అనుకోకుండా కలిసొచ్చింది పెన్‌డ్రైవ్‌ల విషయం. రోజుకి పది పెన్‌డ్రైవ్‌లు వస్తాయి, సగంలో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయే వైరస్. అది విండోస్ మీద నడిచేది, మింట్‌లో పెడితే చచ్చిన పాములా పడుంటుంది. అందుకే ఇప్పుడు ఎవరి పెన్‌డ్రైవ్ అయినా ముందు కౌంటర్లోనే పెట్టి, కావాల్సిన ఫైల్ ఒక్కటే లోపలికి పంపిస్తున్నాం.

ఐదోది పాత ప్రింటర్‌కి తగిలించిన సిస్టమ్. ఆ ప్రింటర్ డ్రైవర్‌ని కదిలించే ధైర్యం లేక విండోస్ 10తోనే ఉంచి నెట్ కేబుల్ పీకేశాం. మాలాంటి షాపులకి నా మార్కులు: డిజైనింగ్‌కి విండోస్ 11, ఐదుకి నాలుగు. కౌంటర్‌కి మింట్, ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు స్కానర్ వల్ల పోయింది. మింట్‌లో ఎంతకీ పలకలేదు, డిజైనింగ్ సిస్టమ్‌కి మార్చాం, ఇప్పుడు ఆధార్ స్కాన్‌కి వచ్చినవాళ్ళంతా బాబాయి కుర్చీ వెనకాల క్యూ కడుతున్నారు.