పిల్లలకి రాసే రెస్పిరేటరీ పానెల్ టెస్ట్: చేయించాక నా అభిప్రాయం (5కి 3.5)

మా బాబుకి అప్పుడు ఏడు నెలలు. పోయిన ఆగస్టులో మా పెద్దది నర్సరీ నుంచి జలుబు తెచ్చింది, దానికి రెండ్రోజుల్లో తగ్గింది కానీ వీడికి అంటుకుంది. జలుబే కదా అని ముక్కులో సెలైన్ చుక్కలు వేసి ఊరుకున్నాం. మూడో రోజు రాత్రి నాలుగు గుక్కలు తాగి పాలు వదిలేస్తున్నాడు, చొక్కా ఎత్తి చూస్తే డొక్కలు ఎగరేస్తున్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ వాణ్ని నా ఒళ్లోనే ఉంచి, గడియారం చూసుకుంటూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టారు. 64. రెండు నెలలు దాటి ఏడాది లోపు పిల్లలకి 50 ఉంటేనే ఎక్కువ కింద లెక్కట. వెంటనే ఆక్సిజన్ పెట్టి ఈ టెస్ట్ రాశారు.

ముక్కులోకి సన్నటి పుల్ల పెట్టి తీస్తారు, రెండు సెకన్ల పని, ఏడ్చాడు, అయిపోయింది. ఆ ఒక్క శాంపిల్‌తో 20కి పైగా వైరస్‌లు, బ్యాక్టీరియా చూస్తారు. 12,000 రూపాయలు కట్టాం. రెండు గంటల్లో రిపోర్ట్ అన్నవాళ్లు మర్నాడు మధ్యాహ్నం ఇచ్చారు. శాంపిల్ బయటి ల్యాబ్‌కి వెళ్తుందని డబ్బు కట్టించుకునేటప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు, ఆ రాత్రంతా పిల్లాడి చేతికి యాంటీబయాటిక్ ఎక్కుతూనే ఉంది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇదే.

రిపోర్ట్‌లో రెండు పాజిటివ్‌లు: ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల్లో ఊపిరితిత్తుల దాకా పాకే వైరస్) ఒకటి, రైనో/ఎంటిరో వైరస్ (రైనో అంటే మామూలు జలుబు తెచ్చేది, ఎంటిరో దాని దగ్గరి చుట్టం) ఒకటి. రెండూ చూసి నాకు చెమటలు పట్టాయి. ఇక్కడే ఈ టెస్ట్‌ని అర్థం చేసుకోవాలి. రైనోవైరస్ జలుబు లేని పిల్లల ముక్కుల్లో కూడా దొరుకుతుంది, కాబట్టి దొరికినంత మాత్రాన జబ్బు దానివల్లే అనలేం. ఆర్‌ఎస్‌వీ అలా కాదు, బాగున్న పిల్లల్లో అరుదు. ఇది ఊరికే అనే మాట కాదు. పెర్చ్ అని ఆఫ్రికా, ఆసియాల్లో 7 దేశాల్లో పెద్ద అధ్యయనం జరిగింది, నెమ్ముతో ఆసుపత్రిలో చేరిన పిల్లలతో పాటు అదే ప్రాంతంలో నెమ్ము లేని పిల్లల శాంపిల్స్ కూడా తీసి పోల్చి చూశారు. 2019లో వచ్చిన ఫలితాల్లో, ఎక్స్‌రేలో నెమ్ము కనిపించిన పిల్లల్లో దాదాపు మూడో వంతుకి కారణం ఆర్‌ఎస్‌వీయే. పెద్దవాళ్లకి ముక్కు కారించి పోయే వైరస్సే ఇది!

అలాగని రైనోని తేలిగ్గా తీసేయకూడదు. దాని రకాల్లో 2006లో బయటపడ్డ సి రకం చిన్నపిల్లల్లో పిల్లికూతలు, ఆయాసం బాగా తెస్తుంది. ఈ టెస్ట్ మాత్రం ఏ రకమో చెప్పదు, ఎంటిరోతో కలిపి ఒకే లైన్‌లో ఇచ్చేస్తుంది. అంత డబ్బు తీసుకుని ఇదేంటి అనిపించింది.

లాభం ఏంటంటే, ఇది యాంటీబయాటిక్‌కి లొంగని వైరస్ పనే అని తేలాక, ఎక్స్‌రే, రక్త పరీక్ష కూడా చూసుకుని ఆ సాయంత్రమే యాంటీబయాటిక్ ఆపేశారు. తర్వాత ఆక్సిజన్, ముక్కు శుభ్రం చేయడం, ట్యూబుతో పాలు, అంతే. నాలుగో రోజు ఇంటికొచ్చాం.

జలుబుతో హుషారుగా ఆడుకునే పిల్లలకి ఈ టెస్ట్ దండగ. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చి డాక్టర్ రాస్తే చేయించండి, కానీ డబ్బు కట్టే ముందు మెషీన్ ఇక్కడే ఉందా, బయటికి పంపుతారా అని గట్టిగా అడగండి. డబ్బుకి ఇబ్బందైతే, ఇది లేకుండా వైద్యం ఆగదు, ఆ మాట మా డాక్టరమ్మే చెప్పారు.