కంజి ఆప్‌కి దిద్దడం రావాలి

పాలకొల్లులో జపనీస్ నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నర్సింగ్ చదివిన ఆడపిల్లలు. ఆచంట, పెనుగొండ, నరసాపురం నుంచి వస్తారు. చించినాడ వంతెన దాటి రాజోలు వైపు నుంచి వచ్చేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళ ఇళ్ళల్లో పిన్నో అత్తో ఎవరో ఒకరు కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళివచ్చినవాళ్ళే. ఇప్పుడు పిల్లల చూపు జపాన్ మీద పడింది. 2019లో జపాన్ నైపుణ్యం ఉన్న విదేశీ పనివాళ్ళ కోసం కొత్త వీసా పెట్టింది. 2021 జనవరిలో దాని గురించి మన దేశంతో ఒప్పందం చేసుకుంది. పెద్దవాళ్ళని కనిపెట్టుకుని ఉండే పని కూడా ఆ వీసా కిందికి వస్తుంది. ఆ పనిని జపాన్‌వాళ్ళు కైగొ అంటారు. భాష పరీక్ష పాసవ్వకుండా మాత్రం కుదరదు.

అందుకే బ్యాచ్ మొత్తానికీ ఒక కంజి ఆప్ చందా కట్టాం. కంజి అంటే జపనీస్ రాతలో వాడే, చైనా నుంచి వచ్చిన గుర్తులు. దాని పేరు రాయడం లేదు. ఆప్ ఏదైనా సరే, డబ్బు కట్టేముందు ఏం చూసుకోవాలో చెప్పాలని ఈ రివ్యూ రాస్తున్నాను.

ముందు మంచి చెబుతాను. బొమ్మలు బాగున్నాయి, ఆడియో స్పష్టంగా ఉంది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది కాబట్టి పిల్లలు బస్సులో కూర్చుని కూడా చదువుకుంటున్నారు. కంజి గీతలు ఏ వరసలో గీయాలో చూపించే భాగం చాలా బాగుంది. గొడవంతా జవాబులు దిద్దే దగ్గరే.

కంజి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఒక్కో గుర్తుకి సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ ఉచ్చారణలుంటాయి. చైనా నుంచి వచ్చినదాన్ని ఒన్‌యొమి అంటారు, అసలు జపనీస్ మాటని కున్‌యొమి అంటారు. ఏ పదంలో ఏది పలకాలో పదాన్ని బట్టి తెలుసుకోవాలి. పుట్టడం, బతకడం, పచ్చిగా ఉండటం అనే అర్థాలున్న కంజి ఒకటుంది. ‘విద్యార్థి’ అనే పదంలో దాన్ని సే అంటారు, ‘జీవితాంతం’ అనే పదంలో షో అంటారు. పుట్టడం అన్నప్పుడు ఉమరెరు, బతకడం అన్నప్పుడు ఇకిరు, పీపా బీరుకి ముందు నమ. మా ఆప్ ఈ గుర్తు ఒక్కదాన్నే తెర మీద పెట్టి ‘ఎలా చదవాలి?’ అని అడుగుతుంది. నమ అని రాసిన అమ్మాయికి ఎర్రగీత, సే అని రాసిన అమ్మాయికి పచ్చగీత. ఇద్దరికీ తెలుసు, కానీ ఒకమ్మాయికి తెలియదని ఆప్ తేల్చేసింది.

‘రేపు’ దగ్గర ఇంకా ఘోరం. రెండు కంజిలతో రాసే ఆ పదాన్ని అషిత అనీ చదవొచ్చు, అసు అనీ చదవొచ్చు, మర్యాదగా మాట్లాడాల్సినచోట మ్యోనిచి అనీ అనొచ్చు. మా ఆప్ అషిత తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. ఒకమ్మాయి జపాన్ వాతావరణ వార్తలు వింటూ అసు అనే మాట పట్టుకుంది. అదే రాస్తే తప్పు పడింది. ‘ఏంటండీ మేడమ్, టీవీలో వాళ్ళు కూడా తప్పేనాండి?’ అని ఫోన్ నా చేతికిచ్చింది. నాకు చాలా కోపం వచ్చింది. జపాన్ ప్రభుత్వం నిత్యవ్యవహారానికి నిర్ణయించిన కంజి పట్టిక ఒకటుంది. 2010లో సవరించాక అందులో 2136 గుర్తులున్నాయి. ప్రత్యేకంగా చదివే పదాలు కొన్ని ఆ పట్టిక చివర అనుబంధంలో ఇచ్చారు. అక్కడ ‘రేపు’కి ఇచ్చిన ఉచ్చారణ అసు. ప్రభుత్వ పట్టికలో ఉన్న మాట రాసిన పిల్లకి సున్నా వేసిందన్నమాట!

దేశం పేరుకీ ఇదే గతి. నిహొన్ అంటే ఒప్పు, నిప్పొన్ అంటే తప్పు. 2009లో జపాన్ ప్రభుత్వమే రెండూ వాడుకలో ఉన్నాయి, ఒకదాన్నే ఖాయం చేయాల్సిన అవసరం లేదని చెప్పింది. ఆప్‌కి అంత పట్టింపు ఎందుకో!

ఇంత కఠినంగా ఉన్న ఆప్, గట్టిగా ఉండాల్సిన చోట వదిలేస్తోంది. నా అసలు ఫిర్యాదు ఇదే. టైపింగ్‌లో వేలు జారడం మామూలే కదా అని ఒక్క అక్షరం తేడా వస్తే ఒప్పుకునే ఏర్పాటు పెట్టారు. ఇంగ్లీషు స్పెల్లింగుకి అది పనికొస్తుంది. జపనీస్‌లో ఉచ్చారణని కన అనే అక్షరాల్లో రాస్తారు, అందులో ఒక్క అక్షరం మారితే మాటే మారిపోతుంది. నెలలో 4వ తేదీని యొక్క అంటారు, 8వ తేదీని యోక అంటారు. కనలో రాస్తే రెండూ మూడేసి అక్షరాలు, మధ్యది ఒక్కటే వేరు. 8వ తేదీ చూపించి చదవమంటే యొక్క అని రాసినా మా ఆప్ పచ్చగీతే వేసింది. రేపు వృద్ధాశ్రమంలో మందుల చార్టు చదవాల్సిన పిల్లకి అది ఒప్పు అని ఎలా చెబుతాం?

అలాంటివి ఎన్నో. బ్యోఇన్ అంటే ఆసుపత్రి, బియోఇన్ అంటే బ్యూటీ పార్లర్. కనలో తేడా అంతా యో అక్షరం చిన్నదా పెద్దదా అన్నదే. షుజిన్ అంటే భర్త, షూజిన్ అంటే జైల్లో ఖైదీ. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మో నాయనమ్మో. మా పిల్లల చదువు కంగొ, అంటే నర్సింగ్. వెళ్ళబోయే పని కైగొ. ఈ రెండిటి మధ్యా ఒక్క అక్షరమే తేడా. ఉత్తరానికి తెగమి అనాలి, తెకమి అని రాసినా ఆప్ తలూపుతుంది. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాష పరీక్షలో కంజి చదివే ప్రశ్నకి నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. ఆ నాలుగింటికీ మధ్య తేడాలు చాలాసార్లు ఇవే: ఒక దీర్ఘం, ఒక ఒత్తు, క ఉండాల్సిన చోట గ. అక్కడ జారిపోకుండా కాపాడాల్సిన ఆప్ ఇక్కడే అలవాటు చెడగొడుతోంది.

మన పిల్లలకి ఈ విషయంలో పుట్టుకతో వచ్చిన బలం ఉంది. హ్రస్వదీర్ఘాలు, ఒత్తులు వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. నోట్సులో ఉచ్చారణ తెలుగులో రాసుకున్న అమ్మాయి ఒజిసన్, ఒజీసన్ తేడాని ఎప్పుడూ తప్పదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఆ దీర్ఘం కాస్తా జారిపోతుంది. అందుకే నా క్లాసులో ఇంగ్లీషు అక్షరాలతో నోట్సు రాయనివ్వను.

ఇలాంటి ఆప్‌లలో దిద్దడం మార్కుతో ఆగదు. ఒక్కో ప్రశ్నా ఒక కార్డు. సరిగ్గా చెప్పిన కార్డుని కొన్ని రోజులకి, తర్వాత కొన్ని వారాలకి, ఆ తర్వాత నెలలకి చూపిస్తుంది. తప్పితే మళ్ళీ మొదటికి తెస్తుంది. అంటే అసు తెలిసిన అమ్మాయి ముందుకి ‘రేపు’ రోజూ వస్తూనే ఉంటుంది. 8వ తేదీని యొక్క అనుకున్న అమ్మాయికి ఆ కార్డు మళ్ళీ నెలకి గానీ కనిపించదు, ఈలోగా తప్పు నాటుకుపోతుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్ళని తడిసిన చేలోకే మళ్ళీ మళ్ళీ పెట్టి, ఎండిన చేను లాకులు మూసేసినట్టుంది ఈ పద్ధతి.

మంచిగా దిద్దేవి లేవా అంటే ఉన్నాయి. వనికని అనే సైటు చూడండి. కంజికి ఒన్‌యొమి అడిగినప్పుడు మనం కున్‌యొమి రాస్తే తప్పు వేయదు. జవాబు గడిని అటూ ఇటూ ఊపి, మాకు కావలసింది ఇంకో ఉచ్చారణ అని చెప్పి మళ్ళీ రాయనిస్తుంది. అర్థం రాసేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు కొద్దిగా తప్పినా సర్దుకుంటుంది, ఉచ్చారణలో మాత్రం ఒక్క అక్షరం కూడా వదలదు. ఎక్కడ వదలాలో ఎక్కడ పట్టుకోవాలో తెలిసినవాళ్ళు కట్టిన సైటు అది. మొదటి 3 లెవెల్స్ ఉచితం, తర్వాత చందా. వివరణలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి మా పిల్లల్లో కొందరికి పక్కన కూర్చుని చెప్పాల్సి వస్తుంది.

ఆంకీది ఇంకో దారి. 2006 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ అది, ఆండ్రాయిడ్‌లో ఉచితం. టైపు చేసే కార్డు పెట్టుకుంటే మనం రాసినదాన్నీ అసలు జవాబునీ అక్షరం అక్షరం పోల్చి తేడా రంగుల్లో చూపిస్తుంది. తీర్పు మాత్రం మన చేతిలోనే పెడుతుంది. మళ్ళీ, కష్టం, సరే, తేలిక అనే నాలుగు బటన్లలో ఒకటి మనమే నొక్కాలి. పెద్దవాళ్ళకి ఇది గౌరవం ఇచ్చే పద్ధతి. అయితే మొదట్లో అన్నీ ‘తేలిక’ నొక్కేసేవాళ్ళుంటారు, వాళ్ళని కనిపెట్టి ఉండాలి.

మా ఆప్ తయారుచేసినవాళ్ళకి ఇదంతా వివరంగా రాసి పంపాను. గుర్తుని ఒంటరిగా అడగొద్దు, పదంలో పెట్టి అడగండి, పదం చాలనిచోట వాక్యంలో పెట్టండి. ‘1వ తేదీ’ అనే పదం, ‘ఒక రోజు’ అనే పదం ఒకే కంజిలతో రాస్తారు. తేదీ అయితే త్సుఇతచి, రోజుకి మూడుసార్లు మందు అంటే ఇచినిచి. వాక్యం లేకుండా అడిగితే ఎవరు చెప్పగలరు? రెండో ఒప్పు జవాబు వస్తే తప్పు వేయకుండా ఇంకోసారి అడగండి. అక్షరం సడలింపు ఉచ్చారణలకి పూర్తిగా తీసేయండి. వేలు జారడం నిజమే, దానికి మందు వేరే ఉంది: రాసింది కనలో పెద్దగా చూపించి, ‘సరేనా?’ అని అడిగి అప్పుడు దిద్దండి. ‘పొగతాగరాదు’ అనే కిన్‌ఎన్ టైపు చేస్తూ న్ ఒకసారే కొట్టిన అమ్మాయికి తెర మీద కినెన్, అంటే ‘జ్ఞాపకార్థం’ అనే మాట కనపడితే తనే దిద్దుకుంటుంది. ‘కొనసాగడం’ అనే త్సుజుకు పదంలో ఒకేలా పలికే రెండు జు అక్షరాల్లో ఒకదాని బదులు ఇంకోటి రాసినవాళ్ళకి శబ్దం ఒప్పు, అక్షరం తప్పు అని విడదీసి చెప్పండి.

చూస్తామని జవాబిచ్చారు. ఈ చందా అయ్యేదాకా గీతల వరస కోసం, ఆడియో కోసం వాడుకుంటాం. ఉచ్చారణల సాధన ఆంకీలో, నేను వాక్యాలతో తయారుచేసిన కార్డుల మీద జరుగుతోంది. 5కి 2 స్టార్లు ఇస్తున్నాను. అసు ఒప్పు అయి, 8వ తేదీకి యొక్క తప్పు అయిన రోజున 4 చేస్తాను.